బుట్ట చుట్టం

హైదరాబాదు నుంచి ఫోను వచ్చేటప్పటికి లక్ష్మీకాంత్ ఒక రైతు బొటనవేలు పట్టుకొని ఉన్నాడు. ధర్మవరం రిజిస్ట్రేషను ఆఫీసులో అతని పనిలో సగం అదే. సంతకం రానివాళ్ల ఎడమచేతి బొటనవేలిని ఇంకు ప్యాడు మీద అద్ది, దస్తావేజు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్కసారి దొర్లించి ఎత్తేయాలి. గట్టిగా అదిమితే ముద్దయిపోతుంది, మెల్లగా పెడితే గీతలు పడవు. ఈ విద్యలో అతన్ని మించినవాడు ఆ ఆఫీసులో లేడు. అలాంటివాడు ఫోనులో హైదరాబాదు నంబరు చూడగానే ఆ వేలు వదిలేసి వరండాలోకి పరుగెత్తాడు. నల్లబడిన వేలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రైతు దాన్ని పైకెత్తుకొని అలాగే నిలబడ్డాడు.

"తెరపుట నుంచి కమలాక్షినండీ. మీ 'మూడో పెట్టె' బ్లాగుని మా సైటులోకి తీసుకోవడానికి మావాళ్లు ఒప్పుకున్నారు."

లక్ష్మీకాంత్ గోడకు ఆనుకున్నాడు. హిందూపురం నుంచి ధర్మవరం వచ్చే పొద్దుటి ప్యాసింజరులో మూడో పెట్టెలో కూర్చొని, ఎదుటివాళ్ల మాటలు చిన్న నోటుబుక్కులో గిలికి, ఇంటికి పోయి కంప్యూటరులో కొట్టి బ్లాగులో టపాగా పెట్టడం రెండేళ్లుగా అతని అలవాటు. రోజుకు నాలుగు వందల మంది చదువుతారు. కువైట్ నుంచి, బెంగళూరు నుంచి 'మా ఊరి వాసన తగిలింది' అని వ్యాఖ్యలు రాస్తారు. ఎంతమంది చదివినా బ్లాగు బ్లాగే. ఆఫీసులో దాన్ని లక్ష్మీకాంత్ పిచ్చి అంటారు. తెరపుట అలా కాదు. అక్కడ ఎడిటరు ఉంటుంది, బొమ్మలు గీసేవాళ్లుంటారు, ఏడాదికోసారి పుస్తకం తెస్తారు, పేరు పక్కన 'రచయిత' అని వేస్తారు. నలభై మూడేళ్లు వచ్చినా అతనికి ఆ ఒక్క మాట మీద ఆశ చావలేదు. దానికోసం మూడు నెలలుగా తెరపుటకు ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు.

"టపాలన్నీ మేమే దింపుకుంటాం. సోమవారం పాత బ్లాగు మూసేసి మా దగ్గరికి దారి పెట్టండి. ఆపైన వారానికి ఒక కొత్తది ఇవ్వాలి. కాకపోతే మా లాయరు ఒక మెలిక పెట్టాడు" అంది కమలాక్షి.

"చెప్పండి."

"మీరు రాసినవాళ్లంతా పేరు, ఊరు, ఫోటోతో సహా ఉన్న మనుషులు. బ్లాగులో అయితే ఎవరూ అడగరు. మేం వేస్తే మా మీదికి వస్తారు. ముఖ్యమైన ముగ్గురి దగ్గరైనా అభ్యంతరం లేదని కాగితం కావాలి."

"పేర్లు మార్చేస్తే సరిపోదాండీ?"

"మారిస్తే ఇక మాకెందుకు? నిజం మనుషులని కదా జనం చదివేది. సోమక్క, నారాయణప్ప, హసీనాబీ. ముందు హసీనాబీది. ఎక్కువమంది చదివిన టపాలు రెండూ ఆమె మీదవే. శుక్రవారం సాయంత్రానికి నాకు చేరాలి. ఆమెది రాకపోతే ఈ మాట ఇక్కడితో మరిచిపోదాం."

"వాళ్లంతా నా మనుషులేనండీ. అడగడమే ఆలస్యం" అన్నాడు లక్ష్మీకాంత్.

కమలాక్షి ఫోను పెట్టేసింది. అతను లోపలికి వచ్చేసరికి రైతు వేలి మీద ఇంకు ఆరిపోయింది. మళ్లీ అద్ది, ఈసారి హడావిడిగా అదిమాడు. ముద్ర ముద్దయింది.

*

మర్నాడు, బుధవారం పొద్దున, ప్యాసింజరు హిందూపురంలో కదిలేసరికి అతని సంచిలో మూడు కాగితాలు, ఒక ఇంకు ప్యాడు ఉన్నాయి. పూలమ్మే సోమక్క ఎప్పటిలాగే తలుపు పక్కన కాళ్లు చాపుకొని, తడిగుడ్డ మీద మల్లెమొగ్గలు పోసుకొని కడుతోంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నారను వేలికి మెలేసి లాగితే ఒక ముడి. చేతివంక చూడనే చూడదు. పక్కనున్న ఆడమనిషి తన కోడలి సంగతేదో చెబుతోంది. లక్ష్మీకాంత్ ఎదురు బల్ల మీద కూర్చోగానే ఆమె నోరు మూసుకుంది.

ఇలా మాటలు ఆగిపోవడం ఈ మధ్య మామూలైంది. మూడో పెట్టెలో మునుపటి సందడి లేదని లక్ష్మీకాంత్ కూడా గమనించాడు. గమనించి, సెల్‌ఫోన్లు వచ్చి మనుషుల మాటల్ని మింగేశాయని ఒక టపా రాశాడు. దానికి డెబ్బై వ్యాఖ్యలు వచ్చాయి.

"సోమక్కా, నీతో ఒక పని పడిందే" అన్నాడు.

"మూర ఎంతకని అడిగితే చెప్తా. ఇంకేం పని ఉండాది నాతో?"

అతను కాగితం తీసి విషయమంతా చెప్పాడు. హైదరాబాదులో పెద్ద పత్రిక అన్నాడు, నీ ఫోటో రంగుల్లో వస్తుందన్నాడు. "ఈడ ఒక సంతకం పెడితే సాలు."

"నాకు సంతకం రాదు సారూ."

లక్ష్మీకాంత్ నవ్వాడు. యాభై రెండేళ్ల సోమక్క రాత్రిబడిలో సంతకం నేర్చుకొని, ఈ పెట్టె గోడ మీదే సుద్దముక్కతో పేరు రాసి చూపించిన సంగతి అతనే రాశాడు. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నామని రాశారు. "అదేందక్కా, నేర్చుకొంటివి కదా."

"మరిచిపోయినా."

"గోడ మీద రాసి చూపిస్తివే."

"తుడిచేసినా." సోమక్క నారను పళ్లతో కొరికి తెంపింది. "నేను సంతకం నేర్చుకున్నానని ఒక్క ముక్క రాసింటే సాలదా? నా మొగుడు ఇడిసిపెట్టి ఇంగోదాన్తో పోయినాడని దాంట్లో ఏంటికి రాసినావు? మా చెల్లెలి కొడుక్కి పిల్లనిచ్చేవాళ్లు బెంగళూరులో ఉండారు. ఆడ కూచ్చోని సదివినారంట. మీ ఇంట్లో మొగోళ్లు ఇట్లాంటోళ్లా అని అడిగినారు."

"అది... చెప్పకపోతే నువ్వు పడిన కష్టం తెలీదు గదక్కా" అని లక్ష్మీకాంత్ నీళ్లు నమిలాడు.

"తెలిసి ఏం జేస్తారు వాళ్లు?"

అతను ఇంకు ప్యాడు తీసి, పోనీ వేలిముద్రయినా వేయమన్నాడు. సోమక్క ఆ ప్యాడు వైపు, అతని వైపు చూసింది. తడిగుడ్డతో సహా మొగ్గల్ని బుట్టలోకి ఎత్తుకొని పెట్టె ఆ చివరికి వెళ్లి కూర్చుంది. కోడలి సంగతి చెబుతున్నామె కూడా లేచి ఆమె వెనకే పోయింది.

పెనుకొండలో బండి ఆగింది. అలవాటు కొద్దీ లక్ష్మీకాంత్ తలుపు వైపు చూశాడు. ఉడకేసిన శెనక్కాయల బుట్ట నడుముకు ఆనించుకొని హసీనాబీ ఎక్కేది ఆ తలుపులోనే. రైల్లో అమ్ముకునే వీళ్లెవరికీ లైసెన్సు ఉండదు. మాకాజిపల్లిలో రైల్వే తనిఖీ స్క్వాడు ఎక్కిన రోజున బుట్టలన్నీ బల్లల కిందికి పోతాయి. ఆ బల్ల మీద కూర్చున్న రోజువారీ ప్రయాణికుడు 'ఈ బుట్ట నాదే, మా ఇంటికి తీసుకుపోతున్నా' అంటాడు. ఒక్కో బుట్టకు ఒక్కో మనిషి. అతన్ని బుట్ట చుట్టం అంటారు. ఎవరూ ఎవరినీ నియమించరు, ఎవరూ బయట చెప్పుకోరు. హసీనాబీ బుట్టకు చుట్టం లక్ష్మీకాంత్. స్క్వాడు ముందు మాట తడబడకూడదని ఆమె అతన్ని రోజూ అల్లుడా అనే పిలిచేది. ధర్మవరంలో దిగే ముందు దోసెడు కాయలు అతని చొక్కా జేబులో పోసేది. ఆ తడికి జేబు మరకలు పడి ఇంట్లో పెళ్లాం పావని రోజూ సణిగేది.

ఆ సంగతంతా 'బుట్ట చుట్టాలు' అని రాశాడు. ఎవరి బుట్టకు ఎవరు చుట్టమో, ఏ బల్ల కిందికి పోతుందో, ఫోటోలతో సహా పెట్టాడు. అతను రాసినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. వారం తర్వాత బ్లాగర్ల సమావేశమని హైదరాబాదు వెళితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేసరికి హసీనాబీ బండి ఎక్కడం మానేసింది. అతనికి దిగులు పుట్టి 'హసీనాబీ ఏమైంది?' అని రాశాడు. మూడు వందల నలభై మంది అతనితో పాటు దిగులుపడ్డారు. ఆ దిగులుపడ్డవాళ్లలో ఒక్కరూ, అతనితో సహా, పెనుకొండలో దిగి ఆమె ఇల్లెక్కడని అడిగిన పాపాన పోలేదు.

*

సాయంత్రం ఆఫీసు వదలగానే ధర్మవరంలోనే ఉన్న నారాయణప్ప ఇంటికి వెళ్లాడు. హిందూపురం అంగడికి చీరలిచ్చి మర్నాటి ప్యాసింజరులో తిరిగొచ్చే నారాయణప్ప మూడో పెట్టెలో పాత మనిషి. సోమక్క పూలబుట్టకు చుట్టం ఆయనే. లక్ష్మీకాంత్ వెళ్లేసరికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని చీర కొంగు నేస్తున్నాడు. కాలితో తొక్కినప్పుడల్లా పైన జాకార్డు అట్ట ఒకటి తిరుగుతోంది, నాడె ఇటు నుంచి అటు పోతోంది. వచ్చిన మనిషిని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"మాట్లాడప్పా. చేతులు పనిలో ఉండాయి, చెవులు ఖాళీనే."

లక్ష్మీకాంత్ నిలబడే చెప్పాడు. చాప వెయ్యమని ఇంట్లోవాళ్లకు ఆయన చెప్పలేదు. లోపల గడపలో కండెలు చుడుతున్న ఆడమనిషి అతన్ని చూసి రాట్నం ఎత్తుకొని వెనక వసారాలోకి వెళ్లింది. నారాయణప్ప నాలుగు వేళ్ల మేర నేసి, అప్పుడు గడ్డంతో గూటి వైపు చూపించాడు. గూట్లో ఒక చిన్న తక్కెడ ఉంది.

"అది మాకు పట్టిచ్చి నేయించే షావుకారు తెచ్చి పెట్టినాడు. ఎందుకో తెలుసునా?"

"తెలీదు."

"వార్పు అయిపోయినాక మగ్గానికి జానెడు పట్టుపోగులు మిగుల్తాయి. అవి నేసినోడివి. మా తాత నాటి నుంచి అంతే. మాకియ్యండని మేము నోరు తెరిచి అడగలా, తీసుకోండని వాళ్లు నోరు తెరిచి చెప్పలా. ఆ పోగులు ముడేసుకొని మా పాపకు రవిక గుడ్డ నేసినానని రైల్లో నీతో అన్నా. నువ్వు రాస్తివి. షావుకారు కొడుకు కంప్యూటరులో సదివినాడు. రాతలోకి వచ్చినాక ఆయప్ప తెలీనట్ల ఉండలేడు గదా. ఇప్పుడు ఈ వీధిలో పద్దెనిమిది మగ్గాల కాడ తక్కెడలు ఉండాయి. మిగిలిన పోగులు తూకమేసి తీసుకొని పోతాండారు."

"నేను నిన్ను పొగుడుతా రాసినా కదప్పా. ఎంత పనితనం అని."

"పొగిడినావు. ఆ పొగిడిన ముక్క సదివే పట్టుకున్నారు."

లక్ష్మీకాంత్ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తనకు చెడ్డ ఉద్దేశం లేదని చెప్పబోయాడు. ఆ మాట ఆఫీసులో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్లంతా చెప్పేదేనని ఆగిపోయాడు.

"నా మీద ఈ వీధంతా ఎట్ల చూస్తాండాదో నీకు తెలీదు" అన్నాడు నారాయణప్ప, మళ్లీ నాడె అందుకుంటూ. "నా సంతకం ఏం బరువుది. ముందు పెనుకొండకు పో. హసీనాబీ ఏలిముద్ర ఏసిచ్చిందంటే నేను సదవకుండానే పెడతా. ఆమె కాడికి పోయే మొగం నీకు ఉండాదా అని."

*

గురువారం సెలవు పెట్టి పెనుకొండలో దిగాడు. కోట గోడ పక్క సందులో అడిగితే ఇల్లు చూపించారు. వసారాలో చాప మీద శెనక్కాయల కుప్ప. హసీనాబీ, ఆమె కూతురు ఇష్రత్ ఎదురెదురుగా కూర్చొని విత్తనం కాయలు వలుస్తున్నారు. వానలకు ముందు రైతులు ఇచ్చే కూలిపని ఇది. కాయ ముక్కును రాతి మీద ఒక్క పోటు పొడిచి, బొటనవేలితో చీల్చి, గింజ పైపొర చిట్లకుండా తీయాలి. పొర చిట్లితే మొలవదు. హసీనాబీ రెండు బొటనవేళ్లకూ గుడ్డపేలికలు చుట్టుకొని ఉంది. మూడు నెలల్లో మనిషి సగమైంది.

"రా సారూ" అంది, తల ఎత్తకుండానే.

అల్లుడా అనలేదు. ఆ పిలుపు వస్తుందని తాను ఎంత ఎదురుచూశాడో అది రానప్పుడు గానీ లక్ష్మీకాంత్‌కు తెలియలేదు. "ఏంటికి రావడంల్యా హసీనమ్మా? మూడొందల నలభై మంది నీ కోసం అడిగినారు" అన్నాడు.

"అడిగినోళ్లలో ఒక్కరన్నా నా దగ్గర సేరు శెనక్కాయలు కొనింటారా?"

ఇష్రత్ చాటలోని పొట్టును చెరిగి పక్కన పోసింది. వీధి చివర జెరాక్సు అంగట్లో పనిచేసే పిల్ల. పొద్దున అంగడి తెరిచేదాకా తల్లికి సాయం.

"మీరు హైదరాబాదు పోయిన రోజు సార్" అంది ఇష్రత్. "స్క్వాడాయన మీరు రాసిందే ప్రింటు తీసి చేత్తో పట్టుకొని ఉన్నాడంట. నేరుగా వచ్చి, కుడిపక్క నాలుగో బల్ల కింద చెయ్యి పెట్టి బుట్ట ఈడ్చినాడు. పేరు పెట్టి పిలిచినాడు. ఏమ్మా హసీనాబీ, నీ అల్లుడు రాలేదా యీ పొద్దు అని అడిగినాడంట."

"పెట్టెలో అంతమంది ముందర" అంది హసీనాబీ. "ఫైను రాసినాడు. బుట్ట దించుకొని పోయినాడు."

"నాకు తెలీదమ్మా. సత్తెంగా తెలీదు."

"తెలుసు సార్" అంది ఇష్రత్. "నేను నాలుగు తూర్లు రాసినా. పేరు లేకుండా. ఆమె ఎక్కకపోయేదానికి కారణం మీరే అని. పెట్టిన గంటలోనే తీసేస్తాంటిరి."

'అజ్ఞాత' అన్న పేరుతో వచ్చిన ఆ వ్యాఖ్యలు లక్ష్మీకాంత్‌కు బాగా గుర్తున్నాయి. మొదటిది ఎవరో గిట్టనివాడు రాశాడనుకొని తీసేశాడు. రెండోది తీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాలుగోది చివరిదాకా చదవలేదు. చదవకుండా తీసేసినవాడికి అందులో ఏముందో తెలియకుండా ఉండదు. ఈ ఆడపిల్ల ముందు అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గును ఎక్కడ దాచుకోవాలో తెలియక మాట మార్చాడు.

"ఇంతకుముందు గూడ ఫైను కట్టి మళ్లా ఎక్కినావు గదమ్మా. ఈసారీ ఎక్కి ఉండొచ్చు గదా."

హసీనాబీ చేతిలో కాయను రాతి మీద పొడిచి, ఆపి, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"స్క్వాడోళ్లకు బయపడి దిగినాననుకొంటాండావా సారూ? వాళ్లు నెలకొకసారి వస్తారు. నువ్వు దినామూ వస్తావు."

ఎక్కడో మేక అరుస్తోంది. ఇష్రత్ వలుస్తూనే ఉంది. పెంకులు చాప మీద టపటపా పడుతున్నాయి. నిజానికి లక్ష్మీకాంత్ అప్పుడే లేచి, క్షమించమని ఒక్క మాట చెప్పి, వచ్చిన దారిన పోయి ఉండాల్సింది. లేచాడు కూడా. కానీ రేపు శుక్రవారం. సంచిలో కాగితం ఉంది. ఆ కాగితం కోసమే కదా సెలవు పెట్టి వచ్చింది. మళ్లీ కూర్చొని, కళ్లు కాగితం మీదే ఉంచి, తెరపుట సంగతి, లాయరు సంగతి, సోమవారం సంగతి గబగబా చెప్పేశాడు.

తిట్టి తరుముతారనుకున్నాడు. తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇప్పుడొచ్చినావు అడిగేదానికి" అంది హసీనాబీ. "ఏస్తాలే ఏలిముద్ర. రాసేది ఎట్లాగూ రాసేసినావు, లోకమంతా సదివేసినారు. నేను వద్దంటే ఆ సదివినోళ్ల కండ్లలోంచి తీసేస్తావా? ఏస్తా. నువ్వు గూడ నాకొక కాగితం మీద సంతకం పెట్టాల."

"ఏం కాగితం?"

"రాయే ఇష్రత్."

ఇష్రత్ లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చింది. హసీనాబీ కాయలు వలుస్తూ చెబుతుంటే రాసుకుంది. రాసినదాన్ని చదివి వినిపించింది.

"హిందూపురం లక్ష్మీకాంత్ అనే నేను ఈ పొద్దు నుంచి ప్యాసింజరులో మూడో పెట్టె ఎక్కను. ఆ పెట్టెలో వాళ్లను గురించి, వాళ్ల బుట్టల గురించి ఇంక రాయను. ఒకరితో చెప్పి రాయించను."

లక్ష్మీకాంత్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పదహారేళ్ల ఆఫీసు అనుభవంలో ఇంత బందోబస్తుగా, ఒక్క మాట వృథా లేకుండా రాసిన దస్తావేజు అతని చేతికి రాలేదు. వారానికి ఒకటి ఇస్తానని కమలాక్షికి చెప్పాడు. మూడో పెట్టె లేకుండా ఆ వారానికొకటి ఎక్కడి నుంచి తేవాలి? బండికి పదకొండు పెట్టెలున్నాయి, మిగతా పది ఉన్నాయి కదా, అనుకున్నాడు. మనుషులెక్కడైనా మనుషులే అని కూడా అనుకున్నాడు. పెన్ను తీసి సంతకం పెట్టాడు.

హసీనాబీ ఎడమ బొటనవేలి పేలిక విప్పింది. లక్ష్మీకాంత్ అలవాటైన చేత్తో ఆ వేలు పట్టుకొని, ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిగ్గా దొర్లించి ఎత్తాడు. ఒక్క గీత పడలేదు. పెంకులు చీల్చి చీల్చి వేలి చర్మం నున్నగా అరిగిపోయింది. కాగితం మీద నల్లటి మచ్చ మాత్రం పడింది.

"ఇది ఆఫీసులో అయితే చెల్లదు" అన్నాడు, అప్రయత్నంగా.

"చెల్లకపోతే ఇంగోటి ఏస్తా. నాకు అన్నీ ఒకటే." ఆమె వేలు కొంగుకు తుడుచుకొని మళ్లీ పేలిక చుట్టుకుంది. "నీ సంతకం మాత్రం బాగా పడింది సారూ."

ఇష్రత్ అతన్ని వెంటబెట్టుకొని అంగడికి తీసుకుపోయింది. అతను సంతకం పెట్టిన కాగితానికి జెరాక్సులు తీసింది. ఒకటి అతనికిచ్చి మిగతావి చేతిసంచిలో పెట్టుకుంది. ఎన్ని తీసిందో అతను అడగలేదు.

*

ఆ సాయంత్రమే నారాయణప్ప అన్న మాట ప్రకారం చదవకుండా సంతకం పెట్టి, కాగితాన్ని మగ్గం మీద నుంచే చాచి ఇచ్చాడు. శుక్రవారం పొద్దున హిందూపురం స్టేషనులో లక్ష్మీకాంత్ మూడో పెట్టె ఎక్కకుండా కిటికీ దగ్గర నిలబడి సోమక్కను పిలిచాడు. ఆమె రవికలో నుంచి ఇష్రత్ పంపిన జెరాక్సు కాగితం తీసి, మడత విప్పి చూసి, మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాచి అతని కాగితం, పెన్ను తీసుకుంది. బల్ల మీద పెట్టుకొని తీరిగ్గా, దీర్ఘం తప్పకుండా, వత్తు తప్పకుండా సోమక్క అని రాసి కిటికీ ఊచల్లో నుంచి ఇచ్చింది.

"ఎనక పెట్టెల్లో జాగా ఉండాది, పో సారూ" అంది.

సోమవారం పొద్దున అతను ఏడో పెట్టెలో కూర్చున్నాడు. చిలమత్తూరు నుంచి వచ్చిన కూలీలు సంచులు తలకింద పెట్టుకొని నిద్రపోతున్నారు. ఎదుటి బల్ల మీద ఎవరో పెళ్లి మాట ఎత్తి, ఇతని చేతిలో నోటుబుక్కు చూసి గొంతు తగ్గించారు. అతను నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. వాళ్లు గొంతు పెంచలేదు.

పెనుకొండలో బండి ఆగుతుండగా కమలాక్షి ఫోను చేసింది.

"సైటు చూశారా? చాలా బాగా వచ్చింది. పైన మీ పేరు, పక్కన రచయిత అని పెద్దక్షరాల్లో వేశాం. పొద్దుటి నుంచి రెండు వేల మంది చదివారు. అందరిదీ ఒకటే ప్రశ్న. హసీనాబీ ఏమైందని. ఈ వారం అదే రాసివ్వండి. ఆమె గురించి ఏమైనా తెలిసిందా?"

లక్ష్మీకాంత్ కిటికీలో నుంచి చూస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీద కొత్త వెదురుబుట్ట నడుముకు ఆనించుకొని హసీనాబీ నడిచి వస్తోంది. బుట్ట మీద తడిగోనె కప్పి ఉంది, దాని కింద నుంచి ఆవిరి లేస్తోంది. ఆమె ఏడో పెట్టె ముందు నుంచే వెళ్లింది, కిటికీల వైపు చూడలేదు. మూడో పెట్టె తలుపులో నుంచి ఒక చెయ్యి బుట్టను అందుకుంది, ఇంకో చెయ్యి ఆమెను. ఎక్కగానే లోపలి నుంచి ఎవరో పెద్దగా నవ్వారు. మూడు నెలలుగా అతను వినని నవ్వు అది. మూడు వందల నలభై మంది ఎదురుచూస్తున్న కబురు అతని కళ్ల ముందు జరిగింది. మొదటి వాక్యం దానంతట అదే నోటికి వచ్చేసింది.

"హలో? తెలిసిందా అండీ?"

"ఏమీ తెలీదండీ" అన్నాడు లక్ష్మీకాంత్.

"అయితే ఈ వారం ఏం రాస్తారు?"

సిగ్నలు సరిగ్గా లేదని చెప్పి ఫోను పెట్టేశాడు. బండి కదిలింది.

మాకాజిపల్లిలో స్క్వాడు వాళ్లు ఎక్కారు. ముందు నుంచి ఒక్కో పెట్టె దాటుకుంటూ వచ్చి, ఏడో పెట్టెలో టిక్కెట్లు చూసి, ఖాళీ చేతులతోనే వెనక పెట్టెల్లోకి పోయారు. మూడో పెట్టెలో ఏం జరిగిందో, ఆ బుట్ట నాదేనని ఎవరన్నారో, అసలు ఎవరైనా అన్నారో లేదో అతనికి తెలియలేదు. ధర్మవరం వచ్చేదాకా కిటికీ ఊచ పట్టుకొని కూర్చున్నాడు.

ధర్మవరంలో జనంతో పాటు గేటు వైపు నడిచాడు. అతని ముందు నారాయణప్ప పోతున్నాడు, చంకలో మడిచిన ఖాళీ మూటగుడ్డ. గేటు దగ్గర టిక్కెట్టు ఇవ్వడానికి ఇటు తిరిగినప్పుడు ఆయన చొక్కా జేబు కనబడింది. జేబు నిండుగా ఉబ్బి, కింది అంచు వరకు తడిసి ఉంది.